ఒకే మేకుకి రెండు బిళ్లలు

అధ్యక్షులు గారికి, వారి పక్కన కూర్చున్న కమిటీ పెద్దలకి, ముందు వరసలో ఉన్న మా తాతలకి, బామ్మలకి, బాబాయిలకి, పిన్నులకి, కుర్చీల కింద పడుకున్నవాళ్లకి, కిటికీలో కూర్చుని నన్ను వదిలేసి బయట పావురాన్ని చూస్తున్న నల్లపిల్లికి కూడా నమస్కారం. (నవ్వులు)

నేను మాట్లాడతానని మీ చేతుల్లో ఉన్న కాగితంలో లేదు. మైకు గీపెడుతోంది, పైకెళ్లి సరిచెయ్యరా అని వంట పిన్ని పంపించింది. ఎక్కాను, సరిచేశాను, దిగలేదు. అంతే. (నవ్వులు) అక్కా, నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావు, కనిపిస్తోంది. ఈ ఒక్కరోజుకీ నీ మాట వినను. రేపటినుంచి మళ్లీ వింటాను.

నన్ను తెలియనివాళ్లు కొందరు వచ్చారు కాబట్టి చెప్తున్నాను, నేను ఈ ఇంటి వ్యాను నడుపుతాను. మనుషుల్ని ఆసుపత్రికి, జంతువుల్ని పశువుల డాక్టరు దగ్గరికి, ఒక్కోసారి ఇద్దర్నీ ఒకే ట్రిప్పులో. ఇక్కడ నన్ను గాలి అంటారు. ఒకచోట నిలవనని. ఎనిమిదో తరగతిలో బడి వదిలేశాను, పంక్చర్ల షాపు వదిలేశాను, సినిమా హాల్లో టార్చిలైటు పని వదిలేశాను, ఈ ఉద్యోగాన్నీ నాలుగుసార్లు వదిలేశాను, నాలుగుసార్లూ తిరిగొచ్చాను. ఎక్కడికెళ్లి చచ్చావురా అని వంట పిన్ని అడిగేది గానీ అక్క ఒక్కసారి కూడా అడగలేదు. వ్యాను తాళంచెవి ఎప్పుడూ ఉండే కొక్కేనికే ఉండేది. తీసుకుని, వెళ్లి టైర్లు చూసుకునేవాణ్ణి.

ఇంకోటి. పెద్దవాళ్లున్న సభలో, ఇన్నాళ్లూ ఈ ఇల్లు నడిపిన అక్కని మీరు అని పిలవాలి, నాకు తెలుసు. నోరు తిరగదు. ఎనభయ్యారేళ్ల రేడియో బామ్మ కూడా అరవై దాటిన ఈవిణ్ణి అక్కా అనే పిలుస్తుంది, నేనెంత.

అధ్యక్షులు గారు ఇందాక బాగా మాట్లాడారు. ముప్పైయొక్క ఏళ్ల సేవ అన్నారు, తల్లిలాంటి మనిషి అన్నారు, చివర్లో ఒక మాట అన్నారు. వయసు మీదపడ్డాక మరపు ఎవరికైనా సహజం, ఒక్క పొరపాటుని పట్టుకుని ఇంత సేవని మర్చిపోకూడదు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను, చేతిలో మైకు వైరుంది. ఆ వైరు పట్టుకుని నిలబడ్డప్పుడే అనుకున్నాను, ఇంక దిగకూడదని.

అయ్యా, అక్కకి మరపు లేదు. ఈ ఇంట్లో ఎవరికి ఏ మాత్ర ఏ పూటో, ఏ కుక్కకి ఏ కాలు నొప్పో కాగితం చూడకుండా చెప్తుంది. ఇంకా రెండేళ్లు ఇక్కడ ఉండాల్సిన మనిషి ఇవాళ ఎందుకు వెళ్లిపోతోందో చెప్తాను. ఎక్కువసేపు తీసుకోను. పోస్ట్‌మాన్ బాబాయ్, ఆ లైటు స్విచ్చి మీద చెయ్యి తియ్యి. ఇంకా వెలుతురుంది. నేను చెప్పినప్పుడు వేద్దువుగాని.

ముందు మీరు ఆ ఎడమ పక్క గోడకున్న పచ్చబోర్డు చూడాలి. దానికి అరవై మేకులున్నాయి. ప్రతి మేకుకీ రెండు బిళ్లలు. పలకలాంటి చెక్కబిళ్ల మనిషిది, గుండ్రటి రేకుబిళ్ల జంతువుది. ఈ ఇంటికి మనుషులూ వస్తారు, జంతువులూ వస్తాయి, ఎవరికీ అక్కర్లేనివాళ్లే ఎక్కువ. వచ్చినవాళ్లని అక్క రెండే అడుగుతుంది, నిన్ను ఏమని పిలవాలి, నువ్వు ఎవర్ని చూసుకోగలవు. నిన్నెవరు చూసుకుంటారు అని అడగదు. నాలుగురోజులు అందర్నీ గమనించి, ఒక మనిషికి ఒక జంతువుని కలిపి బిళ్లలు తగిలిస్తుంది. రేడియో బామ్మకి చెవుడున్న పిల్లిని ఇచ్చింది, బామ్మ ఎంత గట్టిగా పెట్టినా దానికి బాధ లేదు. (నవ్వులు) పోస్ట్‌మాన్ బాబాయికి కుంటి మేకని ఇచ్చింది, పొద్దున లేచి నడవకపోతే ఆయనకి తోచదు, ఎవరూ తిప్పకపోతే అది లేవదు.

ఆ బోర్డుకి ఒక పద్ధతి ఉంది. జతలో ఒకరు పోతే రెండోవాళ్ల బిళ్ల ఒక్కటే వేలాడకూడదు. ఆ సాయంత్రం లైట్లు వేసేలోపే ఇంకో బిళ్లతో కలపాలి. ఎందుకక్కా అంత తొందర అని నేనొకసారి అడిగాను. మొదటి సాయంత్రమే గడవదురా అంది. ఆకలేసి నీ మొహం చూసేవాడొకడు ఎదురుగా ఉంటే లేచి గిన్నె కడుగుతావు, గిన్నె కడిగితే తెల్లారుతుంది అంది.

మా దర్జీ తాత ఇక్కడికి వచ్చేటప్పుడే తన కుక్కని తెచ్చుకున్నాడు. మూడుచోట్ల కుక్కని వదిలేసి రమ్మన్నారట, మూడుచోట్లా గేటు దగ్గరనుంచే వెనక్కి వెళ్లిపోయాడట. దానికి ఒకటే కన్ను. నల్లగా, గుండ్రంగా, కుట్టినట్టు ఉండేది. అందుకని బొత్తాం అని పేరు పెట్టాడు. మెడలో టేపు తియ్యకుండా తిరిగేవాడు, దొరికినవాళ్లనల్లా కొలిచేవాడు. ఈ చొక్కా చూడండి, కాలరు చిరిగిపోతే విప్పి, తిప్పి కుట్టింది ఆయనే. పారెయ్యబోతే, బట్ట అరిగితే వెనక వైపు ఉంటుందిరా, దానికి ఇంకో జన్మ అన్నాడు. బొత్తాన్ని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ నాలుకతో టక్కు టక్కుమనేవాడు. అది ఏ మూలనున్నా, తోక ముందో తల ముందో తెలియకుండా పరిగెత్తుకొచ్చేది.

పోయిన ఎండాకాలం తాతకి గుండెలో నొప్పొచ్చింది. నేనే తీసుకెళ్లి చేర్పించాను. రోజూ వెళ్లి చూసొచ్చేవాణ్ణి. పదకొండో రోజు వెళ్లేసరికి ఆయన మంచం మీద పరుపు సగానికి మడిచి ఉంది. దుప్పటి లేదు. మంచం పక్కన చెప్పులు లేవు.

(నీళ్లు తాగి) మన్నించండి.

పదమూడేళ్లప్పుడు నేను బడినుంచి టిఫిన్ బాక్సు పట్టుకుని మా అమ్మని చూడ్డానికి అలాంటి వార్డుకే వెళ్లాను. పరుపు ఇలాగే మడిచి ఉంది. ఆ బాక్సు అక్కడే పెట్టేసి పరిగెత్తాను. మర్నాడు బడికి వెళ్లలేదు, ఆ తరవాత ఎప్పుడూ వెళ్లలేదు. ఇది చెప్పి జాలి పడమనడం లేదు. మడిచిన పరుపు చూస్తే నా కాళ్లకి ఒకటే పని తెలుసు, అది చెప్తున్నాను. పక్క మంచం ఆయన్ని అడగొచ్చు. నర్సు నాలుగడుగుల దూరంలో ఉంది. అడిగితే, పై అంతస్తు వార్డుకి మార్చాం బాబూ అని చెప్పేది. నేను ఎవర్నీ అడగలేదు. మెట్లు దిగి, వ్యానెక్కి, ఇక్కడికొచ్చి, తాత పోయాడక్కా అన్నాను.

నీ కళ్లతో చూశావా అంది.

చూశాను అన్నాను.

మనిషిని ఎవరు తీసుకెళ్లారు అంది. తాత కాగితాల్లో ఎక్కడో ఒక మేనల్లుడి పేరుంది, ఆయన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆ మేనల్లుడొచ్చి తీసుకెళ్లాడట అన్నాను. ఆ నిమిషంలో ఎందుకలా నోటికొచ్చిందో ఇప్పటికీ తెలియదు. అయినా అక్క ఫోను తీసింది, ఆసుపత్రికి చేద్దామని. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు నేనొక మాటన్నాను. అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

నా మాట మీద నమ్మకం లేదా అక్కా అన్నాను.

ఫోను పెట్టేసింది.

ఆ రోజు ఇంట్లో జత లేని మనిషి ఒక్కరూ లేరు, పనిచేసే మాకు బిళ్లలుండవు. ప్రతి ఆదివారం కూతుర్ని తీసుకుని మనకి సాయం చెయ్యడానికి వచ్చే బ్యాంకు గుమాస్తా గారు, ఆయనకి బదిలీ అయింది, మర్నాడు పొద్దున్నే రైలు. ఆ పిల్లకి బొత్తామంటే ప్రాణం. సాయంత్రం వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. బోర్డు మీద గుండ్రటి బిళ్ల ఒక్కటే వేలాడుతోంది, బయట చీకటి పడబోతోంది. పద్ధతి ప్రకారం అక్క ఏం చెయ్యాలో అదే చేసింది. తాడు ఆ పిల్ల చేతికి ఇచ్చింది. లైట్లు వేశారు.

నాలుగో రోజు ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. నేను వ్యాను కడుగుతున్నాను. అక్క వచ్చి నా ఎదురుగా నిలబడింది. తాతని ఇంటికి పంపిస్తున్నారట, వెళ్లి తీసుకురా అంది.  తిట్టుంటే బాగుండేది. తాళంచెవి చేతిలో ఉంది, రోడ్డు రెండువైపులా ఉంది, పారిపోదామని అనిపించలేదంటే అబద్ధం. ఎందుకో బండి ఆసుపత్రి వైపే తిరిగింది.

తాత నా పక్క సీట్లో కూర్చున్నాడు. సగం చిక్కిపోయాడు. దారంతా ఒకటే గోల, వాడు తిన్నాడా, వాడి చెవిలో మందు వేస్తున్నారా, నేను కనపడక బెంగపెట్టుకున్నాడా. జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. ఆసుపత్రిలో టీతో ఇచ్చిన బిస్కెట్లు, నాలుగు, విరక్కుండా దాచాడు. నేను గేర్లు మారుస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర దిగాడు, దిగీ దిగగానే వేళ్లాడించి టక్కు టక్కుమన్నాడు. కుక్కలన్నీ వచ్చాయి. ఒకటి తప్ప.

అక్క మెట్లు దిగొచ్చింది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు తనే అంది.

“తాతా, నువ్వు పోయావనుకుని నేను తొందరపడ్డాను. కనుక్కోకుండా బొత్తాన్ని పంపించేశాను. తప్పు నాది.”

తాత ఆవిడ వంక చూశాడు, తరవాత నా వంక చూశాడు. ఆయనకి అర్థమైపోయింది. నలభయ్యేళ్లు మనుషుల్ని కొలిచినవాడు. “అయితే నాలుగురోజులు పోయి ఉన్నానన్నమాట, చెప్పుంటే ఆ చేదుమందు తాగేవాణ్ణి కాదుగా” అని నవ్వాడు. నవ్వి, మెట్టు మీద కూర్చున్నాడు. బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టుకుని చీకటిపడేదాకా లేవలేదు.

కమిటీ అడిగినప్పుడు అక్క అదే చెప్పింది, తప్పు నాదని, రెండేళ్ల ముందే తప్పుకోమన్నారు. కమిటీ కూర్చునే ముందు, ఆ పొద్దున నేను ఆఫీసు గదికి వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను. తలుపు వేసింది. “నువ్వు చెప్తే నిన్ను పంపించేస్తారు. బయటికెళ్తే నువ్వు ఎటు పోతావో నాకు తెలుసు. నాకైతే వెళ్లడానికి ఇల్లుంది. నోరు మూసుకుని వెళ్లి వ్యాను కడుక్కో” అంది.

వెళ్లి కడుక్కున్నాను. ఇది కూడా చెప్పాలి మీకు, ఆ గదిలోంచి బయటికొచ్చాక నాకు హాయిగా అనిపించింది. బతికిపోయాననిపించింది. ఆ హాయి గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ అన్నం సయించదు.

అక్కా, ఇంకొంచెమే. కూర్చో. అధ్యక్షులు గారూ, మీరు వాచీ చూస్తున్నారు, తమరికి చెప్పాల్సిందంతా అయిపోయింది, మిగిలింది మావాళ్లకి చెప్పేది.

నేను గుమాస్తా గారి ఊరికి వెళ్లాను, బొత్తాన్ని తీసుకొద్దామని. ఎవరూ వెళ్లమనలేదు. పదమూడు గంటలు బస్సు. రెండు గదుల వాటా, మేడమీద. విషయం చెప్తే గుమాస్తా గారి భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది, తీసుకెళ్లు నాయనా, ఆ పెద్దాయనకంటే మాకెక్కువా అంది. పిల్ల లోపలికెళ్లి తాడు తెచ్చి నా ఎదురుగా పెట్టి, వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను తాతకి ఫోను చేశాను. ఫోను వాడి చెవి దగ్గర పెట్టమన్నాడు. పెట్టాను. టక్కు టక్కుమన్నాడు.

బొత్తాం ఒక్క ఉదుటున లేచాడు. ఫోను వాసన చూశాడు. నా వెనక్కి వెళ్లి చూశాడు, తలుపు దగ్గరికెళ్లి చూశాడు, మెట్ల దాకా వెళ్లి చూశాడు. వచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్న ఆ పిల్ల కాలి మీద తల పెట్టి పడుకున్నాడు.

ఏం చేశాడురా అన్నాడు తాత. ఆ మొత్తం వ్యవహారంలో నేను మొదటిసారి నిజం చెప్పాను. ఏమేం చేశాడో వరసగా చెప్పాను, కాలి మీద తల పెట్టుకున్నది కూడా. 

“అయితే ఉండనీ. నేనెన్నాళ్లుంటాను, వాడికి మళ్లీ మళ్లీ ఇదెందుకు” అన్నాడు. తరవాత అన్నాడు, “నువ్వు మాత్రం తిరిగొస్తావు కదా?”

వస్తాను తాతా అన్నాను. వచ్చాను.

వచ్చాక చూస్తే తాత ఇంకో జంతువుని ఒప్పుకోవడం లేదు. కుందేలు వద్దన్నాడు, పిల్లి వద్దన్నాడు. ముప్పైయొక్క ఏళ్లలో మొదటిసారి బోర్డు మీద ఒక చెక్కబిళ్ల ఒంటరిగా ఉండిపోయేలా ఉంది. ఆ సాయంత్రం అక్క రంగుడబ్బా మూత కత్తిరించి, గుండ్రంగా చేసి, మేకుతో చిల్లు పొడిచి, దాని మీద అక్క అని రాసి తాత బిళ్ల పక్కన తగిలించింది. జంతువుల బిళ్ల. తాత చూసి, ఇప్పుడు నేను నిన్ను చూసుకోవాలా, నువ్వు నన్నా అన్నాడు. చదువుకున్నవాడివి, బోర్డు చూడు, రేకు ముక్క ఎవరిదో అంది. (నవ్వులు) అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆవిడ టీ తెచ్చేది, ఆయన తాగాలా వద్దా అని సతాయించేవాడు, చివరికి, పాపం నాకోసం ఎదురుచూస్తోంది అనుకుని తాగేవాడు. ఆవిడ కళ్లద్దాలకి సంచి కుట్టాడు. దానికి ఒకటే బొత్తాం, నల్లది, గుండ్రంది. అక్క ఒళ్లో ఉంది చూడండి.



ముప్పైయేడు రోజులు. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి నేను కదల్లేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఆయన చెయ్యి నా చేతిలో ఉండగానే అయిపోయింది. నర్సు వచ్చి, బాబూ నువ్వు బయటికెళ్లు, మంచం ఖాళీ చెయ్యాలి అంది. నేను చేస్తానమ్మా అన్నాను. దుప్పటి తీసి ఆవిడకిచ్చాను. పరుపు నేనే మడిచాను.

ఆ సాయంత్రం తాత బిళ్ల తీసేశారు. ఆ మేకుకి రేకుబిళ్ల ఒక్కటే మిగిలింది. ఇంకోటి తగిలిస్తామంటే అక్క ఎవర్నీ తగిలించనివ్వలేదు. నేను రేపోమాపో వెళ్లిపోయేదాన్ని, నాకు జతేంటి అంది. అందరికీ పెట్టిన పద్ధతి తనకి పెట్టుకోలేదు. రెండు నెలలుగా ఆ బిళ్ల అలా ఒక్కటే ఉంది. లైట్లు వేస్తున్నారు, ఆర్పుతున్నారు, ఎవరూ దాని వంక చూడ్డం లేదు, చూడలేక.

పెద్దలందరికీ నేను చెప్పేది ఇదీ. తప్పు చేసింది నేను. అబద్ధం ఆడింది నేను. మీ పుస్తకంలో అక్క పేరు పక్కన ఏం రాశారో నాకు తెలియదు, అది కొట్టేసి నా పేరు రాయండి. నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం, ఏం చేసినా కాదనను. వ్యాను తాళంచెవి కొక్కేనికే ఉంది. ఆవిణ్ణి మిగిలిన రెండేళ్లు ఉండమని అడుగుతారేమోనని నాకు ఆశ ఉంది, అడిగినా ఉండదని కూడా తెలుసు. సర్దుకున్న సంచులు పొద్దున నేనే మోశాను. వెళ్లడానికి ఇల్లుందంది కదా, అది మూడు వీధుల అవతల ఒక గది, ఒక కిటికీ, ఒక స్టవ్వు. అక్కడికెళ్లాక ఈవిడకి ఇవాళే మొదటి సాయంత్రం. ఆకలేసి మొహం చూసేవాళ్లు ఎవరూ లేరు.

అందుకని ఇందాక మైకు సరిచెయ్యడానికి ఎక్కే ముందు ఒక పని చేశాను. చెక్కముక్క ఒకటి కోసి, నునుపు చేసి, గాలి అని రాసి, ఆ మేకుకి తగిలించాను. ఆ కొసనున్నవాళ్లకి కనిపిస్తుంది, చూడండి. ఉద్యోగం ఉన్నా ఊడినా రోజూ సాయంత్రం ఆ గదికి నేను వెళ్తాను. టీ తీసుకెళ్తానని అనుకుంటోంది. కాదు. ఖాళీ చేతుల్తో వెళ్తాను. ఆకలేస్తోందక్కా అని గుమ్మంలో కూర్చుంటాను. లేచి ఆవిడే గిన్నె కడగాలి.

అక్కా, ఏడవకు. నువ్వేడిస్తే వాళ్లంతా ఏడుస్తారు, మేక కూడా మొదలుపెట్టింది. (నవ్వులు)

పిలవకపోయినా మాట్లాడనిచ్చినందుకు అధ్యక్షులు గారికి, మధ్యలో లాగెయ్యనందుకు కమిటీవారికి, ఈ చొక్కా తిప్పి కుట్టిన చేతులకి, నన్ను నాలుగుసార్లు ఏమీ అడగని మనిషికి దండాలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. అక్క దగ్గర తీసుకోను.

చీకటిపడింది. పోస్ట్‌మాన్ బాబాయ్, ఒకసారి ఆ బోర్డు వంక చూడు. ఒంటరిగా ఎవరూ లేరుగా?

అయితే లైటు వెయ్యి. సెలవు.